లోడు బండికి దారి

మా ఊరి చెరుకు బాట బోధన్ రోడ్డును కోసుకుని అవతలి చేలలోకి పోయే చోట సిగ్నల్ లేదు, పోలీసు లేడు. ఒకప్పుడు ఒక బోర్డు ఉండేదట. దాని రేకు ఎవరి కోళ్ళగూటికో పనికొచ్చింది. అయినా అక్కడ ఎవరు ముందు పోవాలన్న సంగతి మీద కొట్లాట జరిగినట్టు నేనెప్పుడూ వినలేదు. అందరికీ వరస తెలుసు.

మొదట శవం. "శవానికి తొందరేముంది బాపూ?" అని చిన్నప్పుడు అడిగితే బాపు వీపు మీద ఒకటి ఇచ్చాడు, కాబట్టి కారణం నాకిప్పటికీ తెలియదు. తర్వాత పెళ్ళి బండి. తర్వాత చెరుకు లోడు. ఆ తర్వాత ఎర్ర బస్సు, ఖాళీ బండి, సైకిలు. అందరూ పోయాక, దుమ్ము కూడా కాస్త అణిగాక, బాపు పాత మోపెడ్ మీద నేను.

లోడుకు అంత మర్యాద ఎందుకంటే, రోడ్డు కాలువ గట్టంత ఎత్తులో ఉంటుంది. బాట కింద నుంచి ఒక్కసారిగా పైకి లేస్తుంది. నిండు ట్రాలీతో వచ్చే ట్రాక్టర్ కింద సమతలం మీదే వేగం అందుకుని ఒక్క ఊపున ఎక్కాలి. ఎక్కుడు మధ్యలో ఆగితే ముందు చక్రాలు లేస్తాయి, ట్రాలీ వెనక్కి గుంజుతుంది. అందుకని డ్రైవర్ కింద ఉండగానే మూడు హారన్లు కొడతాడు. రోడ్డు మీద ఎవరున్నా ఆగుతారు. ఎడ్లబండి వాళ్ళు హారన్‌కు బదులు పెద్దగా కేకేస్తారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఎవరూ ఎవరికీ నేర్పినట్టు కూడా లేదు. జలుబు అంటుకున్నట్టు అందరికీ అంటుకుంది.

మా పెద్దనాన్న కొడుకు పటేల్ గారి ట్రాక్టర్ నడిపేవాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా రెండిళ్ళకు మధ్య గోడ ఒకటే కాబట్టి అన్న అనే పిలిచేవాణ్ణి, అన్నలాగే భరించేవాణ్ణి. అతను మూడు హారన్లు కొట్టి రోడ్డెక్కుతుంటే జనం ఆగడంలో ఒక తేడా ఉండేది. మిగతా డ్రైవర్లకు ఆగినప్పుడు కాలు నేల మీద పెట్టి గడియారం చూసుకునేవాళ్ళు. అన్నకు ఆగినప్పుడు నవ్వుతూ ఆగేవాళ్ళు. రోడ్డు మీదికి రాగానే అన్న స్టీరింగ్ మీది నుంచి ఒక చెయ్యి కొంచెం ఎత్తేవాడు, అంతే. వాళ్ళు అక్షింతలు పడ్డట్టు తల ఊపి కదిలేవాళ్ళు. ఎర్ర బస్సు డ్రైవర్ అయితే కిటికీలోంచి సగం బయటికొచ్చి మరీ పలకరించేవాడు. నేను ఇంట్లో అద్దం ముందు నిలబడి అట్లా చెయ్యి ఎత్తి చూసుకున్నాను. బడిలో సారును ఒకటికి పోవడానికి అడుగుతున్నట్టు ఉంది.

రోడ్డు మీదే అయితే ఓర్చుకునేవాణ్ణేమో. చర్చిలో కూడా అంతే. అన్న వచ్చి డోలక్ ముందు కూర్చునేదాకా పాస్టరయ్య పాట ఎత్తుకునేవాడు కాదు. నేను ఆలస్యంగా పోతే మాత్రం ఆలస్యంగా వచ్చేవాళ్ళ గురించి వాక్యం దొరికేది. ఇక మా అవ్వ, నన్ను కన్న అవ్వ, కోడి కోసిన రోజు గోడ మీది నుంచి అన్నకు గిన్నె అందించి వచ్చి నాకు అడుగు పులుసు పోసేది.

"ముక్కలేవే?"

"అన్న పొద్దంత లోడు గుంజిండురా."

"నేను గుంజలేనా?"

"నువ్వేం గుంజినవ్? దుప్పటి."

ఇట్లాంటి రోజుల్లో మా కూడలికి కొంచెం దూరంలో ఒక ఇంగ్లీషు మీడియం బడి తెరిచారు. నిజామాబాద్ నుంచి రిటైరైన టీచరమ్మ ఒకావిడ పెట్టింది. అందరూ మేడం అనేవాళ్ళు. పల్లెల నుంచి పిల్లల్ని తేవడానికి ఆవిడ ఒక పాత వ్యాన్ కొన్నది. దానికి డ్రైవర్ కావాలి, లైసెన్స్ ఉండాలి, రూల్స్ తెలిసి ఉండాలి అని కాగితం రాసి హోటల్ గోడకు అంటించింది.

ఆ కాగితం చదువుతుంటే నా కళ్ళ ముందు ఒక సీటు కనిపించింది. రెగ్జిన్ కొంచెం చిరిగి ఉన్నా సీటే. దాని మీద కూర్చుంటే నేను ఫలానా వాడి తమ్ముణ్ణి కాను, వ్యాన్ డ్రైవర్‌ను. ఇంటర్ రెండుసార్లు తప్పి, రెండేళ్ళుగా బాపు మోపెడ్ తుడుస్తున్నవాడికి అంతకంటే పెద్ద ఆశ ఉండకూడదు, ఉంటే ఇంట్లో నవ్వుతారు. ఆ సీటు నాకు కావాలనుకున్నాను. పక్కకు చూస్తే అన్న కూడా అదే కాగితం చదువుతున్నాడు.

"మంచిగున్నది తమ్మీ. ట్రాక్టర్ పని చెరుకు ఒడిసేదాకనే. గిదైతే ఏడాదంత ఉంటది," అన్నాడు.

"నీకు లైసెన్స్ ఏది అన్నా?" అన్నాను, ఎంతో బాధపడుతున్నట్టు.

"అవు గదా! తీస్కుందాం పా. ఇద్దరం కల్సే పోదాం."

ఆరేళ్ళుగా ట్రాక్టర్ నడుపుతున్న మనిషికి లైసెన్స్ లేదన్న సంగతి అతనికి నేనే గుర్తు చేశాను. నా తెలివి ఎప్పుడూ ఇంతే.

నేను మాత్రం పద్ధతిగా నేర్చుకున్నాను. నిజామాబాద్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరి, జీపు గంటసేపు నడిపి, రెండు గంటలు చార్టు ముందు కూర్చునేవాణ్ణి. అక్కడే నాకు ఆ పలుచని పుస్తకం ఇచ్చారు. అందులో సిగ్నల్ లేని కూడలి గురించి రెండు మాటలు రాసి ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీద పోయే బండిదే మొదటి హక్కు, పక్క బాట నుంచి ఎక్కేవాడు ఆగాలి. రెండూ సమానమైన రోడ్లయితే కుడిచేతి వైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. చదివి పులకించిపోయాను. శవం లేదు, పెళ్ళి లేదు, లోడు లేదు. మోపెడ్ అయినా సరే, మెయిన్ రోడ్డు మీద ఉంటే ఫ్యాక్టరీకి పోయే చెరుకంతా దానికోసం ఆగాలి. నన్ను మనిషిగా లెక్కబెట్టిన మొదటి పుస్తకం అది.

నెల గడిచాక టెస్టుకు ఇద్దరం ఒకే బస్సులో పోయాం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బండి నడిపించి చూశాక ఒక్కొక్కర్నీ ఒక ప్రశ్న అడుగుతున్నాడు. నా వంతు వచ్చింది.

"సిగ్నల్ లేదు, పోలీసు లేడు. కూడలి. ఎవరు ముందు పోవాలి?"

నేను రెండు నియమాలూ తప్పు పోకుండా చెప్పాను. కామాలతో సహా చెప్పాను. ఆయన "ఊఁ" అన్నాడు, తల ఎత్తలేదు. సంతకం పెట్టి కాగితం పక్కకు జరిపాడు.

తర్వాత అన్న. అదే ప్రశ్న.

"లోడున్న బండి సార్," అన్నాడు అన్న.

ఇన్‌స్పెక్టర్ తల ఎత్తాడు. "ఏ పుస్తకంలో ఉందయ్యా అది?"

"పుస్తకంల లేదు సార్. మరి ఎడ్లకు పుస్తకం సదువరాదు గద."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. పక్కనున్న గుమాస్తా నవ్వాడు. లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఇన్‌స్పెక్టర్ అన్నకు రూలు విడమరిచి చెప్పి, ఎక్కడ నడుపుతావు, ఎన్నేళ్ళయింది, ఈసారి చెరుకు ఎట్లుంది అని ఐదు నిమిషాలు మాట్లాడి సంతకం పెట్టాడు. తిరుగు బస్సులో అన్న పల్లీలు కొని నాకే ఎక్కువ పెట్టాడు. పల్లీలు బాగానే ఉన్నాయి. నా కడుపులో మంటకు అవి నూనె పోశాయి, అంతే.

ఒక్క సీటు, ఇద్దరం. మేడం చెరో రోజు నడిపి చూపమన్నది. తాను పక్క సీట్లో ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని కూర్చుంటానని, వెనక పిల్లలుంటారని చెప్పింది. "నాకు రూల్ ముఖ్యం. పిల్లలతో ఆటలు కాదు," అన్నది. ఆ మాట నాకోసమే అన్నట్టు తోచింది.

మొదటి రోజు అన్నది. ఆ రోజుకు ట్రాక్టర్ మీదికి వేరే మనిషిని పెట్టి పోయాడు. నేను పని ఉన్నట్టు మోపెడ్ మీద వెనకాలే పోయాను. వ్యాన్‌ను అతను పాలగిన్నెలాగ నడిపాడు, ఒప్పుకోవాలి. కానీ ప్రతి బాట మొదట్లో ఆగాడు. లోడు బండికి ఆగాడు, లోడు బండి వెనక వస్తున్న ఇంకో లోడు బండికి ఆగాడు. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు పలకరించారు. ఒక ముసలాయన కిటికీలోంచి రెండు చెరుకు గడలు లోపలికి తోశాడు. పిల్లలు పాటలు పాడారు. బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయి మొదటి గంట కూడా కొట్టారు. మేడం నోట్‌బుక్‌లో ఏదో రాయడం చూసి, ఆవిడ దిగగానే వినయంగా ఎదురుపోయి అడిగాను.

"ఎట్ల నడిపిండు మేడం మా అన్న?"

"నడపడం బాగుంది. కానీ ఆలస్యం. మెయిన్ రోడ్డు మీద ఉండి అందరికీ ఎందుకు ఆగాలి? రేపు నువ్వు రా. చూసి చెప్తాను."

ఆ రోజు నాకు ఆకలి బాగా వేసింది.

సాయంత్రం అన్న గోడ మీద మోచేతులు ఆనించి పిలిచాడు. "తమ్మీ, రేపు మన చెరుకు బాట కాడ జర చూస్కో. ఎనిమిది కొట్టంగ లోడు ఎక్కిస్త. మూడు హారన్లు కొడ్త."

"సరే అన్నా."

"భయపడకు. నీకే వస్తది. నువ్వు సదువుకున్నోనివి."

ఓడిపోయేవాడు కుళ్ళుకోవాలి, గెలిచేవాడు గర్వపడాలి. అన్న రెండూ చేసేవాడు కాదు. అతనితో పోటీ పడటం గోడతో కబడ్డీ ఆడటం లాంటిది.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని సీట్లో కూర్చున్నాను. మేడం పక్కన, ఒళ్ళో నోట్‌బుక్. వెనక పాతికమంది పిల్లలు. పుస్తకం ఎట్లా చెప్పిందో అట్లా నడిపాను. మొదటి రెండు బాటల దగ్గర ఎడ్లబండ్లు కింద ఇంకా దూరంగా ఉన్నాయి, ఆగకుండానే పోయాను. గడియారం చూస్తే మూడు నిమిషాలు ముందున్నాను. మా కూడలి కనిపించింది. కుడివైపు కింద, చెరుకు ఆకుల పైన ఎగ్జాస్ట్ పొగ.

మూడు హారన్లు వినబడ్డాయి.

ఆ హారన్ నాకు తెలుసు. రెండో మోతలో కొంచెం గీరుకుపోయేది. నా కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోయింది. ఊళ్ళో పుట్టిన కాలు కదా. అదే సమయంలో మేడం నోట్‌బుక్ తెరిచింది. ముందు రోజు పేజీలో 'ఆలస్యం' అన్న మాట కింద గీత ఉంది. ఎదురు పేజీ తెల్లగా ఉంది.

నేను ఏమీ ఆలోచించలేదు అని రాస్తే బాగుంటుంది. కానీ ఆలోచించాను. బ్రేకు నుంచి యాక్సిలరేటర్‌కు కాలు మారేంత సేపట్లో చాలా ఆలోచించవచ్చని ఆ రోజే తెలిసింది. మెయిన్ రోడ్డు నాది, పుస్తకం నాది, మేడం నా పక్కన ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అతను నాకోసం ఆగితే ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది.

కాలు మార్చాను.

అన్న ఆగాడు. ట్రాక్టర్ ముక్కు రోడ్డు అంచుకు వచ్చినప్పుడు వ్యాన్‌ను చూసి బ్రేకు తొక్కాడు. నేను దాటిపోతూ అద్దంలో చూశాను. ముందు చక్రాలు రెండూ నేలను వదిలి, నమస్కారం పెట్టినట్టు పైకి లేచాయి. ట్రాలీ వెనక్కి జారి, మెలి తిరిగి, కొక్కెం తెంపుకుని పొలంలోకి ఒరిగింది. చెరుకంతా పెద్ద చప్పుడుతో జారి చేను నిండా పరుచుకుంది. ట్రాక్టర్ ఒక్కటీ దబ్బున కిందికి దిగి బాటకు అడ్డంగా నిలిచిపోయింది. అన్న బురదలో కూర్చుని ఉన్నాడు. దూకాడో పడ్డాడో తెలియదు.

నేను వ్యాన్ ఆపి వెనక్కి పరుగెత్తాను. నన్ను చూడగానే అన్న అడిగిన మొదటి మాట, "పిల్లగాండ్లకు ఏం గాలే గద?"

అది నేను అడగాల్సిన ప్రశ్న. అది కూడా అతనే ముందు అడిగాడు.

పిల్లలకు ఏమీ కాలేదు. పైగా క్రిస్మస్ రెండు వారాలు ముందే వచ్చినట్టు వ్యాన్ దిగి చెరుకు మీద పడ్డారు. మేడం వాళ్ళను లెక్కపెట్టుకుని, నా దగ్గరికి వచ్చి, "నువ్వు మెయిన్ రోడ్డు మీద ఉన్నావు. పక్క నుంచి వచ్చేవాడు చూసుకోవాలి. తప్పు నీది కాదు," అన్నది. ఆ మాట కోసం నెల రోజులు చార్టు ముందు కూర్చున్నాను. వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పిల్లల్ని బడిలో దింపి తిరిగి వచ్చేసరికి ఊరు సగం అక్కడే ఉంది. పడ్డ చెరుకును పడ్డట్టు వదిలెయ్యరు. చెరుకు ఎండితే బరువు పోతుంది, తూకానికి ఫ్యాక్టరీ ఇచ్చిన చీటీ ఆ పూటకే. ఎవరి పని వాళ్ళు వదిలేసి వేరే ట్రాలీ తెచ్చి మోపులు ఎత్తుతున్నారు. ఎర్ర బస్సు ఆపి దాని డ్రైవర్ కూడా దిగి నాలుగు మోపులు వేసి పోయాడు. నేను ఇస్త్రీ చొక్కాతోనే మోపు ఎత్తుకున్నాను. చెరుకు ఆకు మెడ మీద బ్లేడులాగ గీసింది. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రూలు ప్రకారం సూస్తే పిల్లగాందే రైటు," అన్నాడు ఒక ముసలాయన, తంబాకు ఉమ్ముతూ.

"రూలు ప్రకారం," అన్నాడు ఇంకొకాయన.

"అవు, రూలు ప్రకారం," అన్నది ఒక ముసలావిడ, నీళ్ళ బిందె నా పక్క నుంచి దాటించి వెనకాయనకు ఇస్తూ.

బాపు ఒక్కడే నా ముఖంలోకి చూశాడు. "హారన్ ఇనలేదారా?"

"లేదు," అన్నాను.

బాపు మళ్ళీ ఏదో అనబోతే అన్న అడ్డం వచ్చాడు. "ఎట్ల ఇనపడ్తది చిన్నబాపూ? వ్యాన్ నిండ పిల్లలు, ఒకటే లొల్లి. నేనే ఇంకో రెండుసార్లు కొట్టేదుండె."

నేను వంగి ఇంకో మోపు ఎత్తుకున్నాను. ఆ రోజు అందరికంటే ఎక్కువ మోపులు నేనే మోశాను. ఎవరూ లెక్క పెట్టలేదు, నేను తప్ప.

సీటు నాకే వచ్చింది. సోమవారం నుంచి రమ్మని మేడం సాయంత్రమే కబురు పంపింది. అవ్వ విని, "మంచిది" అని బియ్యం చెరగడానికి కూర్చుంది. గోడ అవతల నుంచి అన్న, "ముబారక్ తమ్మీ!" అని అరిచాడు. పక్కటెముకలు నొప్పిగా ఉన్నట్టున్నాయి, అరుపు సగంలో తెగింది.

ఆదివారం చర్చి అయ్యాక అన్న నన్ను బోధన్‌కు రమ్మన్నాడు. ట్రాక్టర్ హారన్ చూపించాలట. పని చేసే మనిషి నాలాంటి ఖాళీ మనిషిని తోడు తీసుకుపోవడం మామూలే కాబట్టి పోయాను. వైరింగ్ చేసే మేస్త్రీ బ్యాటరీ చూశాడు, తీగలు చూశాడు, బటన్ నొక్కాడు. అవతలి హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్ళు ఉలిక్కిపడి ఇటు తిరిగారు. ఒకాయన చాయ్ ఒలికింది.

"బరాబర్ ఉంది భాయ్. దీనికేం బీమారి లేదు," అన్నాడు మేస్త్రీ.

"లేదు లేదు. మా తమ్మునికి ఇనపడలే. ఇంత దగ్గర ఉండి గూడ ఇనపడలే. లారీలకు పెట్టేటిది పెట్టు, డబ్బల్‌ది."

"అరె, గిది ఇనపడలేదంటే చెవుల డాక్టర్ దగ్గరికి తీస్కపో. నా దగ్గరికి ఎందుకు తెచ్చినవ్?" అని మేస్త్రీ నావైపు చూశాడు. చెవుల వైపు కూడా చూశాడు.

"నువ్వు పెట్టవయ్యా. రేపు మళ్ళ గట్లనే అయితే? వ్యాన్ల పిల్లలుంటరు," అన్నాడు అన్న.

అతను నా మాట నమ్మాడు. నాలుగు రోజులుగా ఆ అబద్ధాన్ని పట్టుకుని, దాన్ని రిపేరు చేయించడానికి ట్రాక్టర్ వేసుకుని బోధన్ దాకా వచ్చాడు. నేను ఎంత ఓర్వలేనివాణ్ణయినా దానికి ఒక హద్దు ఉన్నట్టుంది. అది ఆ దుకాణం ముందు తగిలింది.

"అన్నా, ఇనపడ్డది."

"ఏంది?"

"ఆ పొద్దు. మూడూ ఇనపడ్డయ్."

మేస్త్రీ స్పానర్ కింద పడిపోయిందని ట్రాక్టర్ కిందికి దూరాడు. స్పానర్ అతని చేతిలోనే ఉంది.

నేను దెబ్బ కోసం చూశాను. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపాలని చిన్నప్పటి నుంచి వింటున్నవాణ్ణి, రెండూ తయారుగా పెట్టుకున్నాను. అన్న చెయ్యి లేవలేదు. హారన్ మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు.

"మరెందుకు ఆగలే?"

"నువ్వు ఆగుతవా లేదా సూద్దామని."

"నేను ఆగలే తమ్మీ. కింద వడ్డ."

"మేడంకు చెప్త. సీటు నువ్వే తీస్కో."

"నాకొద్దు. ఆ సీటు మీద కూసుంటే ప్రతి పొద్దు ఆ బాట కాడ ఇదే యాదికొస్తది." తర్వాత వంగి ట్రాక్టర్ కిందికి చూసి, "పాతదే ఉండనియ్యి భాయ్. మంచిగనే ఉందట," అన్నాడు.

అన్న ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. బాపుకు చెప్పలేదు, మేడంకు చెప్పలేదు. నేనే అతని స్థానంలో ఉంటే గంటలో చర్చి మైకులో చెప్పేవాణ్ణి. అతను నన్ను కొట్టనందుకు సంతోషించాల్సింది పోయి, కొట్టకుండా ఉండగలిగినందుకు కుళ్ళుకున్నాను. అది కూడా అతనికే చేతనయింది.

సీటు మాత్రం వదల్లేదు. వదిలేశానని రాస్తే ఈ కథ బాగా ముగుస్తుంది, కానీ మా ఊళ్ళో చదివేవాళ్ళున్నారు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి పిల్లలతో ఆ బాట దగ్గరికి వచ్చాను. దూరం నుంచే వేగం తగ్గించాను. హారన్ మోగలేదు. చూస్తే లోడు ట్రాలీతో అన్న కింద సమతలం మీదే ఆగి ఉన్నాడు. ఇంజన్ నడుస్తోంది. నేను వ్యాన్ ఆపాను. కిటికీలోంచి, "రా అన్నా!" అని పిలిచాను. అతను తల అడ్డంగా ఊపి, పొమ్మని సైగ చేశాడు. నేను కదలలేదు. అతనూ కదలలేదు. నా వెనక ఒక ఎడ్లబండి ఆగింది. అందులో పెంట ఎరువు. దాని వెనక రెండు సైకిళ్ళు.

"ఎవరికోసం ఆగినం డ్రైవరన్నా?" అని వెనక నుంచి ఒక పిల్ల అడిగింది.

"లోడు వస్తున్నది."

"వస్తలేదు గద. ఆగే ఉన్నది."

ఎరువు బండి ఆయన కేకేశాడు. "ఏందివయ్యా, ఎవరో ఒకలు పోండ్రి! నా ఎద్దు కూసుంటది గిట్లయితే."

అన్న మళ్ళీ చెయ్యి ఊపాడు. కోపం లేదు ఆ చేతిలో. ట్రాఫిక్ పోలీసు చేతిలో ఎంత ఉంటుందో అంతే ఉంది. మెయిన్ రోడ్డు మీది బండికి పక్క బాట మీది బండి ఆగాలి. పుస్తకంలో ఉన్నట్టే, తప్పు పోకుండా, అతను నాకు దారి ఇస్తున్నాడు. గేరు వేసి దాటాను.

నలభై యాభై గజాలు పోయానో లేదో వెనక నుంచి మూడు హారన్లు వినబడ్డాయి. అద్దంలో చూశాను. ఎరువు బండి ఆయన పగ్గాలు గుంజి ఎడ్లను ఆపాడు. ట్రాక్టర్ ఒక్క ఊపున రోడ్డెక్కింది. ఆయన ఆగుతాడో లేదో అని అన్న ఒక్క క్షణం కూడా చూసుకోలేదు.

ఆ సీజన్ అయిపోయేదాకా ప్రతి పొద్దూ అంతే. బస్సుకు హారన్ కొట్టేవాడు, లారీకి కొట్టేవాడు, సైకిలు మీద పోయే తాగుబోతుకు కూడా కొట్టి నమ్మకంగా ఎక్కేవాడు. నా వ్యాన్ కనబడితే మాత్రం కింద ఆగి, నేను పోయేదాకా చూసేవాడు. ఆ రోడ్డు మీద అతను రూలు ప్రకారం దారి ఇచ్చిన బండి నాదొక్కటే.

నేను స్టీరింగ్ పట్టుకుని, చిరిగిన రెగ్జిన్ మీద కూర్చుని, ఆ పెంట బండి ఆయన మీద కుళ్ళుకుంటూ బడికి టైముకు చేరేవాణ్ణి.